ఎవరూ వినని ఏడుపు

సర్దిన బ్యాగును అనసూర్య మళ్ళీ విప్పింది. రెండు జతల బట్టలు, తువ్వాల, దుప్పటి, సబ్బుపెట్టె, మక్కరొట్టెల మూట. అన్నీ ఉన్నాయి. ఉన్నాయని చేతులకు తెలుసు గానీ మనసుకు నమ్మకం కుదరడం లేదు. బొగ్గుబాయి పనికి పోయే తండ్రి అంకయ్యకు సద్ది కట్టిచ్చిన వయసు నుంచీ ఆమెకు ఇదే జబ్బు. ఇంట్లోంచి మనిషి గడప దాటుతున్నాడంటే ఏదో ఒకటి మరిచిపోయినట్టే ఉంటుంది. ఆ మరిచిపోయినదాని వల్లనే వాడు తిరిగి రాడేమోనని భయం.

రాజం గోడకు ఆనుకొని బీడీ కాలుస్తూ నవ్వాడు. "హైదరాబాదుకే పోతున్ననే, కాశీకి గాదు. బ్యాగును గట్ల పొద్దంత విప్పుడు కట్టుడు చేస్తే బస్సు నన్నిడిశి పోతది."

ఆ ప్రయాణం దేనికో కిందటి భాగం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. కరీంనగర్‌లో ఫోటోల దుకాణం వెనక రెండు గదుల్లో శ్రీధర్‌రావు పాటల స్టూడియో. దొరల ఇంట పుట్టి, భూములు అన్నకు వదిలేసి, పాటల పిచ్చితో పట్నం చేరిన మనిషి ఆయన. అక్కడ రాజం హార్మోనియం వాయిస్తాడు, అనసూర్య డాట్ మిషన్, అంటే చిన్న టేపుల మీద గొంతులు ఎక్కించే కొత్తరకం యంత్రం, నడుపుతుంది. ఆడవాళ్ళు పాడే పనిపాటలు, పెళ్ళి పాటలు, మంగళహారతులు ఒక టేపు నిండా ఎక్కించారు. దాన్ని హైదరాబాదులో క్యాసెట్ల కంపెనీకి రాజం తీసుకుపోయి ఇవ్వాలి. టేపులో అన్నిటికంటే చివర ఉన్నది సారక్క ఏడుపు.

సారక్క అనసూర్యకు యారాలు, రాజం అన్న ఎల్లేశం పెండ్లాము. మంచిర్యాల అవతల బొగ్గుబాయి క్వార్టర్లలో ఉంటుంది. ఏడేండ్ల కింద ఎల్లేశం ఒకరోజు ఇంట్లోంచి పోయాడు, రాలేదు. శవం దొరకలేదు. శవం లేదు కాబట్టి ఎవరూ ఏడవలేదు, దినాలు చేయలేదు. ఆమె మెడలో పుస్తెలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆషాఢంలో వరినాట్ల పాటలు పాడడానికి స్టూడియోకు వచ్చినప్పుడు, చావింట్లో ఆడవాళ్ళు ఏడ్చే ఏడుపు ఒకటి కావాలని శ్రీధర్‌రావు అడిగాడు. చావు లేనిచోట ఏడుపు ఎత్తితే ఇంటి మీదికి వస్తుందని మనవైపు ఎవరికి తెలియదు? సారక్క మెడలో పుస్తెలు తడుముకుంది. తర్వాత, ఏడుస్తాను గానీ ఎవ్వరూ వినొద్దు అన్నది.

అందుకని అనసూర్య మిషన్‌లో టేపు పెట్టి, గొంతుకు తగ్గట్టు మైకు సరిచేసి, రికార్డు మీట నొక్కి, స్పీకరు కట్టేసి బయటికి వచ్చింది. అందరూ బయటికి వచ్చారు. రోడ్డవతల చాయ్ హోటల్లో కూర్చున్నారు. తలుపులు మూసిన గదిలో సారక్క ఒక్కతే ఏడ్చింది, మిషన్ ఒక్కటే విన్నది. ఆమె బయటికి వచ్చి, మొహం కడుక్కొని, రైలుకు పోయింది. ఆ ఏడుపులో ఏమున్నదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. వినొద్దని అందరికంటే గట్టిగా అన్నవాడు రాజం. కంపెనీవాళ్ళే విని చూసుకుంటారులే అన్నాడు. ముత్తైదువైన తన చెవిన చావు ఏడుపు పడొద్దని అంటున్నాడనుకొని అనసూర్య సంతోషపడింది కూడా.

ఇంత జాగ్రత్తపడి, శ్రీధర్‌రావు మాత్రం ఫోనులో అన్నతో గొప్పలు చెప్పుకున్నాడు. ఎల్లేశం పెండ్లాము నా స్టూడియోలో ఏడ్చిందన్నా, అంత అసలైన ఏడుపు ఎవరి దగ్గరా లేదు అన్నాడు.

ఆ అన్న పేరు సీతారాంరావు. మంచిర్యాలలో బొగ్గు యార్డు, లారీలు ఆయనవే. ఎల్లేశం పోయిన ఏడు ఆ యార్డులోనే హమాలీలు సమ్మె కట్టారు. ముందు నిలబడ్డవాడు ఎల్లేశం.

బ్యాగు మూసి, టేపు తీసుకోవడానికి ఆలుమగలిద్దరూ స్టూడియోకు పోయేసరికి వాన పట్టుకుంది. ఫోటోల దుకాణం ముందర జీపు ఆగి ఉంది. స్టూడియో తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మిషన్ గది తలుపు ఎప్పుడూ అలా తెరిచి పెట్టరు. అనసూర్యకు మొట్టమొదట తోచిన భయం మిషన్‌కు చెమ్మ తగులుతుందనే. ఆ తర్వాత శ్రీధర్‌రావును చూసింది. ఆయన స్టూలు మీద తల వంచుకొని కూర్చున్నాడు. చెంప మీద వేళ్ళ అచ్చులు ఉన్నాయి.

ఆయన కుర్చీలో సీతారాంరావు కూర్చున్నాడు. తెల్ల బట్టల మీద వాన చుక్క కూడా పడలేదు. వెనక ఇద్దరు మనుషులు. ఒకడు కొమురెల్లి, యార్డులో మేస్త్రి, మెడ లేనట్టుండే మనిషి. ఇంకొకడు జీపు నడిపేవాడు.

"రా రా రాజం. ప్రయాణమట గద," అన్నాడు సీతారాంరావు. "నీ వదినె ఏడ్చింది నేను గూడ జర ఇంట. పెట్టిపియ్యి."

రాజం మొహంలో రక్తం లేదు. అందులో ఏముంటుంది దొరా, ఆడోళ్ళ ఏడుపు, చెరిపేస్తే పోతుంది, వినడమెందుకు అని గొణిగాడు. ఆయన రాజం వంక చూడను కూడా లేదు. చెయ్యి చాపి అనసూర్య వంక చూశాడు.

ఆమె బీరువా తెరిచి టేపు తీసింది. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. మిషన్‌లో పెట్టగానే అది లోపలికి మింగుతుంది, తర్వాత ఆకుపచ్చ అంకెలు కదలాలి. అంకెలు కదలలేదు. వాటి బదులు ఒక చిన్న గుర్తు వెలిగి ఆరుతూ ఉంది. వానగాలి లోపలికి వచ్చి, మిషన్‌లో టేపు చుట్టుకొని తిరిగే గుండు మీద చెమ్మ చేరితే అది టేపును ముట్టదు. ముడితే టేపు అంటుకొని తెగిపోతుందని దానికదే ఆగిపోతుంది. చెమ్మ ఆరేదాకా ఏ మీట నొక్కినా పలకదు.

ఆ మాటే చెప్పింది. నడవదు దొరా, చెమ్మ పట్టింది, తలుపులు మూసి కొంచెంసేపు ఆగాలి అన్నది.

సీతారాంరావు కొమురెల్లి వైపు కళ్ళెత్తాడు. అంతే. కొమురెల్లి రాజం కుడిచెయ్యి పట్టుకొని ఇనుప బీరువా సందులో పెట్టాడు. రాజంకు ఏం జరుగుతున్నదో తెలిసేలోపే భుజంతో తలుపును గట్టిగా తోశాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. రాజం అరవలేదు. గాలి పోయిన హార్మోనియంలాగ నోరు తెరిచి మోకాళ్ళ మీద పడ్డాడు. కొమురెల్లి తలుపు తీసి మళ్ళీ మూశాడు. ఈసారి రాజం అరిచాడు. ఆ అరుపుకు వీధిలో ఎవరూ ఆగలేదు. పాటల స్టూడియో కదా, గోడలకు జనపనార, కొబ్బరిపీచు దట్టంగా కొట్టి ఉంటుంది. లోపలి చప్పుడు బయటికి పోకుండా చేసిన గది అది.

"ఇప్పుడు నడుస్తదా?" అని అడిగాడు సీతారాంరావు.

శ్రీధర్‌రావే లేచి, ఆ పిల్ల అబద్ధం చెప్తలేదన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా అంటూ ఆ గుర్తు చూపించాడు, వానకాలంలో ఇది మామూలేనని ఒట్లు పెట్టాడు. తలుపులు మూశారు. మిషన్ పక్కన టేబులు లైటు వెలిగించి పెట్టారు. అందరూ దాని చుట్టూ కూర్చొని అది ఆరేదాకా చూశారు. చలి కాచుకునేవాళ్ళలాగ ఉన్నారు. రాజం మూలకు ఒరిగి నలిగిన చెయ్యి ఒడిలో పెట్టుకున్నాడు. మూడు వేళ్ళు వేరే ఎవరివో అన్నట్టు పక్కకు తిరిగి ఉన్నాయి. అనసూర్య తన కొంగు చించి కట్టబోతే జీపువాడు కాలితో ఆమెను వెనక్కి నెట్టాడు. సీతారాంరావు చాయ్ తెప్పించాడు, అందరికీ తెప్పించాడు. తాగమంటే తాగాలి. అనసూర్య తాగింది. దాని రుచి ఆమెకు చచ్చేదాకా గుర్తుండిపోయింది.

గుర్తు ఆరిపోయింది. అంకెలు కదిలాయి.

సారక్క గొంతు గదిలోకి వచ్చింది. ముందు ఊపిరి ఎగబీల్చిన చప్పుడు, ఆ తర్వాత రాగం. పీనుగు ముందర కూర్చున్న ఆడది ఎలా ఊగుతూ ఏడుస్తుందో గొంతు అలా ఊగుతున్నది.

"ఓ నా పిల్లల తండ్రీ... సద్దిముల్లె గూట్లనే ఉండె, నువ్వు ఏడికి పోతివయ్యా... నీ కాళ్ళు కడగకపోతి, నీకు నీళ్ళు పోయకపోతి... ఏ మట్టి నిన్ను కప్పెనో ఆ మట్టికి మొక్కకపోతి..."

జీపువాడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, తనకు తెలియకుండానే. సీతారాంరావు కళ్ళు మూసుకొని ఒక్కొక్క మాటను గాలిస్తున్నాడు. తన పేరు కోసం వెతుకుతున్నాడు. చాలాసేపటి దాకా ఆ గొంతు బియ్యం గురించి, పిల్లల బడి గురించి, ఎల్లేశం వదిలిపెట్టిపోయిన చెప్పుల గురించి ఏడ్చింది. అప్పుడు రాగం మారింది.

"మరిదీ... ఓ నా మరిదీ... నా చేతి బువ్వ తిన్న మరిదీ... తలుపు కాడ నిలవడి అన్నా రమ్మని పిలిస్తివి... చెప్పులన్న తొడుక్కోనియ్యకపోతివి... పొద్దుగూకినంక ఒక్కనివే వస్తివి మరిదీ... నెత్తురంటిన చేతులు కడుక్కోను నేనే నీళ్ళిస్తినయ్యా... ఏడేండ్లాయె, ఎవ్వలకు చెప్పకపోతి, ఈ మిషన్‌కు చెప్పుకుంటి..."

సారక్కకు మరిది ఒక్కడే. అనసూర్య తల తిప్పి రాజంను చూసింది. లేదు అంటాడని చూసింది. పిచ్చిదయింది అది అంటాడని చూసింది. రాజం నేల చూపులు చూస్తున్నాడు. ఆమె పెళ్ళినాటికి ఎల్లేశం లేడు. గోడ మీద ఫోటోలోనే చూసింది. పండుగ పండుగకూ ఆ ఫోటోకు దండ ఎందుకు వేయవని అడిగితే, బతికే ఉన్నాడేమో, దండ వేయొద్దు అనేవాడు రాజం. ఆ మాట తలుచుకొని ఆమె అతనికి దూరంగా జరిగింది.

సీతారాంరావు నవ్వాడు. మొదట మెల్లగా, తర్వాత పొట్ట పట్టుకొని. "నా పేరే ఎత్తలే. ఇంటి మనిషినే అన్నది. అరే రాజిగా, నీ వదినె నిన్ను ఏడేండ్లు కడుపుల పెట్టి దాసింది కదరా, ఎర్కుండి."

నవ్వు ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది. జేబులోంచి లైటరు తీసి, టేపు ఇటు తెమ్మన్నాడు. కాలుస్తాడనుకున్నారందరూ. మంట వెలిగించి టేపు దాకా తెచ్చి ఆగాడు. కంపెనీకి ఈ టేపు సంగతి చెప్పావా అని తమ్ముణ్ణి అడిగాడు. ఉత్తరం కూడా రాశాను, సారక్క పేరు రాశాను అన్నాడు శ్రీధర్‌రావు.

"కాలవెడ్తే ఏదో ఉండెనని అందరికి తెలుస్తది," అన్నాడు సీతారాంరావు లైటరు మూసి. "చెరిపితే ఏమీ లేకుండెనని తెలుస్తది. చెరుపు."

చెరపడానికి వేరే మీట లేదని శ్రీధర్‌రావు నసిగాడు. దాని మీద ఇంకొకటి రికార్డు చేయడమే చెరపడం. ఆమె ఎంతసేపు ఏడ్చిందో అంతసేపూ పడుతుంది. సీతారాంరావు మిషన్‌కేసి అనుమానంగా చూశాడు. ఆయనకు తెలిసిన టేపు మిషన్లలో చక్రాలు తిరిగేవి. తిరుగుతున్నదీ ఆగిందీ కళ్ళతో చూడొచ్చు. ఇందులో బయటికి ఏదీ తిరగదు. చెరుపుతున్నారో నన్ను మభ్యపెడుతున్నారో నాకెట్లా తెలుస్తుంది అని అడిగాడు. గొంతు ఎక్కుతుంటే ఈ దీపాలు లేస్తాయన్నా, అదే గుర్తు అన్నాడు తమ్ముడు.

"అయితే దీపాలు ఎగురాలె. రాజం పాడుతడు. మంచి భజన పాడు బిడ్డా, పాపం పోతది. అయిపోయినంక నిన్ను నేనే బస్టాండ్ల దింపుత."

ఆ చివరి మాట అనసూర్య పట్టుకుంది. దింపుతానన్నాడు. అంటే వదిలేస్తాడు. ఆమెకు ఆ నిమిషాన మొగుడి మీద ఎంత అసహ్యం ఉందో, వాడు బతకాలన్న ఆశ అంతకంటే ఎక్కువ ఉంది. సారక్క గొంతు పోతే పోనీ అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే ఉమ్మి వేసుకోవాలనిపించింది. టేపు అడుగున ఉన్న చిన్న రేకును గోటితో జరిపింది. అది జరిపితేనే కొత్తది ఎక్కుతుంది. సారక్క ఏడుపు మొదలైన అంకె దగ్గరికి తెచ్చి నిలిపింది.

పాడే గది అద్దానికి అవతల. ఒక్క మనిషి, ఒక్క మైకు, ఒక్క హార్మోనియం పట్టేంత గది. రాజంను లోపల కూర్చోబెట్టి, కొమురెల్లి బయట తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. స్పీకరు పెట్టబోతే సీతారాంరావు వద్దన్నాడు. ఇప్పటిదాకా విన్న ఏడుపే చెవుల్లోంచి పోలేదు, వీడి భజన కూడా నేను వినాల్నా, నువ్వే విను అన్నాడు. అనసూర్య చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని మీట నొక్కింది.

రాజం ఎడమచేత్తో హార్మోనియం తిత్తి కదుపుతూ ఒక చరణం పాడాడు. నొప్పికి కొరుక్కున్న పెదవుల మీది నుంచి మాటలు తడిగా వస్తున్నాయి. చరణం అయిపోయింది. రెండో చరణం ఎత్తుకోవలసినచోట, నోరు పాడుతున్నట్టే కదుపుతూ, తిత్తి ఆపకుండా, మాట్లాడడం మొదలుపెట్టాడు.

"అనసూర్యా, ఆపకు. మొఖం జర గట్టిగ పెట్టుకో. వదినె గొంతు మీద ఎక్కుతున్న, గది నాకెర్కే. వదినె చెప్పింది పోతే, పోగొట్టినోన్నే చెప్పాలె."

అనసూర్య కళ్ళు దీపాల మీద పెట్టింది. అవి లేస్తున్నాయి, పడుతున్నాయి.

"ఆ దినం దొర నన్ను పిలిచి, మీ అన్నతోని సమ్మె సంగతి తెంపుకుంట, తోలుకరా పో అన్నడు. మాట్లాడుతడనే అనుకున్న. లారీల షెడ్డు లోపటికి తీస్కపోయి తలుపేసిన్రు. నన్ను బయిట నిలవెట్టిన్రు. పార కామ కట్టెతోని కొట్టింది సీతారాంరావే, తన చేతితోనే. అన్న నన్ను ఒక్కపారి పిలిచిండు. రాజం, తలుపు తియ్యిరా అన్నడు. నేను తియ్యలే."

విరిగిన చేతి మణికట్టు ఆనిన మెట్టు మీద హార్మోనియం ఒకే స్వరంతో మూలుగుతున్నది. ఆమె వెనక కుర్చీ కిర్రుమంది. సీతారాంరావు లేచి ఆమె భుజం మీది నుంచి దీపాలను చూస్తున్నాడు. ఆయన ఊపిరి ఆమె మెడకు తగులుతున్నది.

"మంచిగ పాడుతుండా?"

"మంచిగనే పాడుతుండు దొరా," అన్నది. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఏదీ, ఒకపారి చూస్త," అంటూ ఆమె నెత్తి మీది హెడ్‌ఫోన్ లాగి తన చెవికి ఆనించుకున్నాడు.

అద్దం అవతల రాజం అది చూశాడు. కన్ను ఆర్పలేదు. అదే ఊపిరి మీద గొంతెత్తి భజన అందుకున్నాడు, చిన్నప్పుడు అన్న భుజాల మీద కూర్చొని జాతరలో పాడినట్టు. సీతారాంరావు తల ఊపాడు. గొంతు బాగానే ఉంది వీనికి అని నవ్వి హెడ్‌ఫోన్ ఆమె ఒళ్ళో పడేశాడు. ఆమె దాన్ని మళ్ళీ చెవులకు పెట్టుకుంది.

రాజం మళ్ళీ చెప్పసాగాడు. లోపలికి పిలిచి మొయ్యమన్నారట. కొమురెల్లి కాళ్ళు పట్టుకుంటే రాజం తల పట్టుకున్నాడట. వాగు అవతల మూసేసిన పాత బాయి ఉన్నది కదా, దానికి గాలి కోసం తవ్విన బాయి ఇంకొకటి ఉన్నది, అందులో వేశారట. మీద లారీ బూడిద పోశారట. బూడిద పోస్తున్నప్పుడు లోపలి నుంచి చప్పుడు వినబడిందో, తనకే అనిపించిందో ఈనాటికీ తెలియదన్నాడు. నెల తిరగకుండా దొర తన తమ్ముడికి చెప్పి హార్మోనియం ఇప్పించాడట, స్టూడియోలో కొలువు పెట్టించాడట.

"నేను వాయించే పెట్టె గందుకే ఇచ్చిన్రు. నువ్వు వండిన కూడు గూడ గందులదే. నన్ను నువ్వు ఇంకెట్లనన్న అనుకో. గని వదినెకు గా జాగ చూపియ్యి. మట్టికి మొక్కుకుంటది."

అనసూర్య దవడ బిగించి అంకెలు చూస్తూ కూర్చుంది. లేచి ఆ అద్దం పగలగొట్టి వాణ్ణి చంపాలనిపించింది, ఆ విరిగిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకోవాలనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి. సారక్క ఏడుపు ఎక్కడ ఆగిందో ఆ అంకె వచ్చింది. ఆమె మీట నొక్కి ఆపింది.

మొదలు వినిపించమన్నాడు సీతారాంరావు. ఆమె టేపు వెనక్కి తిప్పి స్పీకరు పెట్టింది. భజన చరణం వచ్చింది. మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదం వస్తుంటే ఆమె బొటనవేలు మీట మీద బిగుసుకుపోయింది. ఇప్పుడు తానుగా ఆపితే అనుమానం. ఆపకపోతే, ఇంకొక్క పాదం తర్వాత రాజం మాట్లాడతాడు.

"సాలు," అని సీతారాంరావు లేచాడు. "పోయిన సొమ్ము దొరికినంత నిమ్మలమైంది." ఆ టేపును బస్సు పార్శిలులో పంపమని తమ్ముడికి చెప్పాడు. అది పోవడానికి ఇంక మనిషి అక్కరలేదు అన్నాడు.

రాజంను బయటికి తెచ్చారు. అతను అనసూర్య వైపు చూడబోతే కొమురెల్లి మెడ మీద చరిచాడు. మనిషి ముందుకు తూలి గడపకు తల కొట్టుకొని నుదురు చీలింది. వాకిట్లో వాననీళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె పరుగున పోయి జీపు వెనక కమ్మీ పట్టుకుంది.

"దింపుత అంటివి కద దొరా. నువ్వు చెప్పింది చేసిన. చెరిపిన కద."

"టేపు చెరిపినవ్," అన్నాడు సీతారాంరావు ముందు సీటులోంచి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు. "నీ యారాలి నోట్లె ఉన్నది వీని పేరు. వీని నోట్లె ఉన్నది నా పేరు. వీన్ని ఏ మీట నొక్కి చెరపాలె చెప్పు?"

జీపువాడు బండి కదిలించాడు. ఆమె కమ్మీ వదలలేదు. కొమురెల్లి వంగి ఆమె వేళ్ళ మీద బూటుకాలు మోపి నొక్కాడు. ఒక వేలు, ఇంకో వేలు. చేతులు విడిపోయి ఆమె బురదలో బోర్లా పడింది. తల ఎత్తేసరికి జీపు క్లాక్ టవర్ వైపు మలుపు తిరుగుతున్నది. రాజం మొహం ఇటు తిరిగి ఉన్నదో అటు తిరిగి ఉన్నదో వానలో కనబడలేదు.

చాయ్ హోటలు వాళ్ళు గడపలో నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ కదలలేదు. ఆమె లేచింది. పోలీస్ స్టేషను ఎటో తెలుసు, కానీ జీపు పోయిందీ అటే. లోపలికి పరుగెత్తి మిషన్ మీట నొక్కి టేపును బయటికి తీసింది. గోటితో రేకును వెనక్కి జరిపింది, ఇంక దాని మీద ఎవరూ ఏదీ ఎక్కించలేకుండా. రవికలో దోపుకుంటుంటే వెనక తలుపు గడియ పడింది.

శ్రీధర్‌రావు తలుపుకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. చెంప మీది అచ్చులు ఇంకా పోలేదు. వానలో తడిసినట్టు మొహం నిండా చెమట.

"మా అన్నకు ఎర్కలేదు గని, నేను గీ మిషన్ వచ్చినప్పటి సంది గీ దీపాలు చూస్తున్న అనసూర్యా," అన్నాడు. "పాట పాడితే దీపాలు లేచి జరసేపు నిలుస్తయి. మాట్లాడితెనే గట్ల ఎగిరెగిరి పడ్తయి. రాజం పాడలే."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అడుగుతున్నదో బతిమాలుతున్నదో ఆమెకు తెలియలేదు. టేబులు మీద వైర్లు కత్తిరించే కత్తెర ఉంది. అది ఆయనకు ఎంత దూరమో ఆమెకూ అంతే దూరం. ఇద్దరూ ఒకేసారి దాని వైపు చూశారు.

రాజం తిరిగి రాలేదు. అతన్ని జీపులో తీసుకుపోయిన రోజు పందొమ్మిది వందల తొంభై రెండు శ్రావణంలో, రాఖీ పున్నమికి ముందటి బుధవారం.